కోయిలకుంట్ల దగ్గర గోబర్ గ్యాస్ కరెంటు చూడబోయిన రోజు

రాయచోటి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం కరెంటు పోయిందంటే పాలకేంద్రంలో పాలు విరిగిపోవడం మామూలే. కోయిలకుంట్ల పక్కన ఒక చిన్న ఊళ్లో గోబర్ గ్యాస్‌తో జనరేటర్ నడిపి, కరెంటు లేనప్పుడు ఇళ్లకు ఇచ్చుకుంటున్నారని విని, మే నెలలో చూద్దామని బయల్దేరాను. పొద్దున్నే కడప చేరి, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగుకు ఒక బస్సు, అక్కణ్ణుంచి కోయిలకుంట్లకు ఇంకొకటి పట్టుకున్నాను. అక్కడ ఆటో మాట్లాడుకుంటే వంద రూపాయల్లో ఊళ్లో దింపుతారు. "పేడ కరెంటు చూసేకి ఇంత దూరం వచ్చినావా సార్!" అని నవ్వాడు డ్రైవర్ మస్తాన్.

ప్లాంటు చర్చి వెనకాల ఉంది. దాన్ని చూసుకునే సునందమ్మ ముందు జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టి, తర్వాతే పేడ కలిపే తొట్టి, గ్యాస్‌తో తిరిగే ఇంజను చూపించింది. "మేత లేక శానామంది గొడ్లను అమ్ముకున్యారప్పా. పేడ తగ్గింది. గ్యాసు కొంచెమే ఉండాది" అంది.

సాయంత్రం నాలుగింటప్పుడు గాలివాన వచ్చింది. వేపచెట్టు ఒకటి కరెంటు తీగల మీదుగా రోడ్డుకు అడ్డం పడింది. కరెంటు పోవడంతో సునందమ్మ ఇంజను వేసింది. కాసేపటికే పక్కింటి ఖాసింబీ వానలో పరిగెత్తుకొచ్చింది. ఆమె భర్తకు ఊపిరితిత్తుల జబ్బు, ఆక్సిజన్ మిషన్ మీదే ఉంటాడు.

"అక్కా, మిషన్ ఆగి ఆగి నడుస్తాంది. ఆయన ఎగపోస్తాండాడు!"

అంబులెన్సు వచ్చే దారి లేదు. సునందమ్మ చర్చి మైకులో చెప్పింది: "అందరూ ఫ్యాన్లు, టీవీలు ఆపండి. ఖాసింబీ ఇంట్లో మిషన్ నడవాల." ఇళ్లలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అయినా ఇంజను గుక్క తిప్పుకోలేకుండా ఉంది. ఇక మిగిలింది ఓబులేసు అంగట్లో ఐస్‌క్రీం ఫ్రిజ్. సునందమ్మ వెంట నేనూ పోయాను.

"నిన్ననే సరుకు దించినాను గదక్కా. అంతా కరిగిపోతాది" అన్నాడతను.

సునందమ్మ ఖాసింబీ ఇంటివైపు చూసింది. ఓబులేసు కూడా అటే చూసి, తనే ప్లగ్గు పీకేసి, "పిల్లోల్లను పిలువుప్పా, తినిపోతారు" అని నాతో అన్నాడు.

ఇంజను శబ్దం కుదుటపడింది. నేను ప్యాంటు పైకి మడిచి, ఊరివాళ్లతో కలిసి చెట్టుకొమ్మలు లాగాను. పొద్దుగూకే వేళకు లైన్‌మన్లు కరెంటు తెచ్చారు. వెళ్లొస్తానని చెప్పడానికి ఖాసింబీ ఇంటికి పోతే, ఆమె భర్త ముక్కుకు గొట్టంతోనే నావైపు చూసి మెల్లగా అడిగాడు: "ఏమన్నా తిన్యావాప్పా?"

ఇంజను ఎంత పెద్దది, ఎన్ని గొడ్లుండాలి అని కనుక్కుందామని పోయినవాణ్ణి నేను. గ్యాసు చాలనప్పుడు ఎవరింటికి ముందు ఇవ్వాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఇప్పుడు మా ఊళ్లో ప్లాంటు మాట ఎత్తినప్పుడల్లా మొదట అదే మాట్లాడుకుంటున్నాం. మీరూ చూడాలనుకుంటే పొద్దున్నే చేరుకోండి, పేడ కలిపేది అప్పుడే. కోయిలకుంట్లలో దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో కనుక్కోవడం మాత్రం మరవకండి.