మా ఆయన డీజిల్ ఇంజను కోసం కొత్తవలస దాకా

మా ఆయన రైలు డ్రైవరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాసింజరు బండ్ల డీజిల్ ఇంజన్లే నడిపారు. రిటైరయ్యాక మనిషికి నిద్ర కరువైంది. ఆ ఇంజను ఒకసారి ఆపితే మళ్ళీ స్టార్టు చెయ్యడం పెద్ద తలనొప్పి కాబట్టి, ఎంతసేపు నిలబడినా ఆపేవారు కాదట. డ్యూటీ దిగాక ఈయన ఒక్కోసారి ఆ గుడగుడలోనే నడుం వాల్చేవారు. చప్పుడు ఆగిందంటే ఏదో చెడిపోయినట్టే, లేచి చూసుకోవాలి. ఆ అలవాటు ఇంటికొచ్చినా వదల్లేదు. ఇంట్లో చప్పుడుండదు కదా, కన్ను మూతపడగానే ఉలిక్కిపడి లేస్తారు. ఆయన వరండాలో పచార్లు చేస్తుంటే నాకు మాత్రం నిద్రెక్కడిది! డాక్టరిచ్చిన మాత్రలు కూడా పనిచెయ్యలేదు.

లైనంతా కరెంటు తీగలు వచ్చాక ఆ ఇంజన్లు మూలపడ్డాయి. కొన్ని తుక్కు కింద పోయాయి, కొన్నిటికి రంగులేసి జనం చూడ్డానికి పెట్టారు, కొన్నిటిని ఫ్యాక్టరీలు కొనుక్కున్నాయి. ఒకప్పుడు ఈయన దగ్గర అసిస్టెంటుగా చేసిన అప్పన్న ఇప్పుడు కొత్తవలస దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజను నడుపుతున్నాడు. పోయిన నెల ఫోను చేశాడు.

“బావా, నీ బండి బతికే ఉన్నాది. మా కాడ వేగన్లు లాగతన్నాది. తొరగా రా, ఇక్కడికీ తీగలొచ్చేస్తే దీన్ని కోసి తూకానికి అమ్మేస్తారు.”

ఆ రోజు నుంచీ “ఒక్కపాలి సూసొద్దామే” అని ఒకటే గోల. రిటైరయ్యాక ఆయన నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. సరేనన్నాను.

పొద్దున్న ఆరింటికి నరసన్నపేటలో బస్సెక్కి, ఆమదాలవలసలో దిగి పాసింజరు పట్టుకున్నాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళు టిఫిను ఇంటి నుంచే తెచ్చుకోండి. మేం ఇడ్లీ, అల్లం పచ్చడి కట్టుకెళ్ళాం. పొందూరు దాటాక చేపల గంపతో ఉన్న ఒకావిడ నన్ను అక్క వరస పెట్టి అడిగింది.

“ఎక్కడికప్పా?”

“ఇంజను చూడ్డానికి” అన్నాను.

“ఓలమ్మో! సింహాచలం ఎల్తారు, ఆస్పత్రికి ఎల్తారు గానీ, ఇంజను సూడ్డానికి ఎల్తారేటి ఎవులైనా?” అని పెట్టెంతా వినబడేలా నవ్వింది. మా ఆయన కూడా నవ్వారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

విజయనగరంలో దిగి, ముందు ఒక పార్కులో పెట్టిన పాత డీజిల్ ఇంజను చూశాం. పిల్లలున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి, ఫొటోలు బాగా వస్తాయి. కొత్త రంగు, చుట్టూ పూలమొక్కలు. ఎవరూ ఎక్కకుండా తలుపులకు వెల్డింగు చేసేశారు. మా ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి చూశారు.

“ఒళ్ళు సల్లగున్నాదే. శవానికి తానం సేయించి బొట్టెట్టినట్టున్నాది. పద.”

స్టేషను దగ్గర భోజనం చేసి మధ్యాహ్నం బండికి కొత్తవలస చేరాం. ఫ్యాక్టరీలోకి ఊరికే రానివ్వరు, అప్పన్న ముందే అడిగి పెట్టాడు. పట్టాల చివర ఇంజను కనబడింది. పసుపు రంగు వేశారు, దాని మీద బొగ్గు మసి, నూనె మరకలు. నేనైతే ముక్కు మూసుకున్నాను. మా ఆయన చెప్పులు విడిచి, మెట్టును తాకి కళ్ళకద్దుకుని ఎక్కారు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నేనూ ఎక్కాను.

వేగన్లలోంచి బొగ్గు దించుతున్నారు. అందాకా ఇంజను గుడగుడమంటూ నిలబడి ఉంది. మా ఆయన అప్పన్న పక్క సీట్లో కూర్చుని, “ఒరే అప్పన్నా, మనం ఓపాలి చీపురుపల్లి కాడ...” అని మొదలుపెట్టారు. ఆ మాట పూర్తి కాలేదు. తల ఒరిగిపోయింది.

భయంతో ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టబోయాను. అంతలో గురక వినబడింది.

తిరుగు రైలు టైమవుతోందని నేను లేపబోతే అప్పన్న చెయ్యి అడ్డం పెట్టాడు. “ఉండప్పా, లేపకు. మొకం సూడు, ఎంత పెసాంతంగా ఉన్నాదో.”

ముందు ఒళ్ళు మండింది. ఇంట్లో పరుపుంది, ఫ్యానుంది, పక్కన నేనున్నాను. ఏదీ పనికిరాలేదు, ఈ మసి సవతి దగ్గర హాయిగా పడుకున్నాడు మనిషి! ఆ తర్వాత ఏడుపొచ్చింది. ఆయన అలా నిద్రపోగా చూసి ఎన్నేళ్ళయిందో. వేగన్లు తగిలించి బండి కదిలించినా లేవలేదు. మా రైలు వెళ్ళిపోయింది. పోనిమ్మన్నాను.

చీకటి పడేముందు, ఇక రాత్రికి పని లేదని, అప్పన్న ఇంజను ఆపాడు. చప్పుడు ఆగీ ఆగగానే మా ఆయన ఉలిక్కిపడి లేచారు.

“ఏటైందిరా?”

“ఏటీ నేదు బావా. డూటీ అయిపోనాది, ఇంటికెల్లు.”

మా ఆయన తల ఊపి, సంచీ అందుకుని, నెమ్మదిగా మెట్లు దిగారు.

బస్సులు మారి రావాల్సొచ్చింది. దారిపొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు, చీపురుపల్లి కథ కూడా పూర్తిచేశారు. చూడ్డానికి విజయనగరం ఇంజనే బాగుంది, కాదనను. వెళ్ళేవాళ్ళు అక్కడికే వెళ్ళండి. నేను మాత్రం శ్రీకాకుళం దాటాక మా ఆయన్ని అడిగాను.

“మళ్ళా ఎప్పుడెల్దాం?”

ఆయన నా వైపు వింతగా చూశారు.

“వచ్చే వారమే ఎల్దామే. తీగలు మనకోసం ఆగవు గదా.”