దండెం మీద, సూది కింద, సంచిలో

మొన్న మంగళవారం పొద్దున మా వీధి మిషినవ్వ చనిపోయింది. ఆ కబురు తెచ్చింది కోడిగుడ్ల పెద్దమ్మ. నెత్తి మీద గుడ్ల ట్రే దించకుండానే గేటు బయట నిలబడి, "అక్కను ప్రభువు పిలుచుకున్నడు. నిద్రలనే పోయింది" అని చెప్పింది. అప్పుడు అమ్మ నాకు జడలు వేస్తోంది. ఒకటి పూర్తయింది, రెండోది సగంలో ఆగిపోయింది. అలాగే పరుగెత్తాను.

మానుకోట స్టేషన్ నుంచి మా వీధికి మలుపు తిరిగే చోట ఆమెది ఒంటి గది దుకాణం. బోర్డు లేదు. కుట్టు మిషన్ చప్పుడే బోర్డు. అవ్వ పెదవుల మధ్య ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉండేవి, అందుకే నోటి మూల నుంచి మాట్లాడేది. మెడలో టేపు వేలాడేది కానీ, మనిషిని ఒకసారి చూస్తే చాలు, కొలత తెలిసిపోయేది. మరి టేపు ఎందుకని అడిగితే, "టేపు పెట్టకుంటె ఈళ్లకు నమ్మకముండది బిడ్డా" అనేది. సాయంత్రం నాలుగింటికి ఒక పల్లిపట్టీ తీసి మిషన్ అంచుకు కొట్టి విరిచేది. ఆ సమయానికి దుకాణంలో ఎవరుంటే వాళ్లకు పెద్ద ముక్క, తనకు చిన్న ముక్క.

నా సంగతి కొంచెం చెప్పకపోతే అవ్వ సంగతి మీకు అర్థం కాదు. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే కోప్పడతారు, ఇంగ్లిష్ తప్పుగా మాట్లాడితే నవ్వుతారు. ఏడో తరగతిలో అసెంబ్లీలో వార్తలు చదువుతూ ఒక మాట తప్పు పలికాను. నెల రోజులు నన్ను ఆ మాటతోనే పిలిచారు. ఆ తర్వాత నేను ఏ భాషలోనూ పెద్దగా నోరు తెరవలేదు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఫోన్‌లో ఉచితంగా స్పానిష్ నేర్పే కోర్సు కనిపించింది. అందులో తప్పు మాట్లాడితే పట్టుకునేవాళ్లు మానుకోటలో ఎవరూ లేరు కదా అనుకున్నాను. ఇంట్లో మాత్రం చెప్పలేదు. నాన్నకు ఎరువుల దుకాణం. ఈ ఏడాది నాకు టెన్త్. స్కూలు పాఠాలు కాకుండా ఫోన్‌లో ఇంకేం కనిపించినా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తానని ముందే హెచ్చరించాడు.

జూన్‌లో యూనిఫాం పొట్టయితే అంచు విప్పించడానికి అవ్వ దగ్గరికి వెళ్లాను. పరదా వెనక బట్టలు మార్చుకుంటూ, మిషన్ చప్పుడులో వినపడదులే అని స్పానిష్ మాటలు గొణుక్కుంటున్నాను. మిషన్ ఆగింది. నేను గమనించలేదు.

"ఏం మంత్రమే గది?"

దొరికిపోయాను. చెప్పేశాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమన్నాను.

"ఒట్లు పెట్ట. అబద్ధమాడ. అడగనిది చెప్ప. గంతే."

నోట్‌బుక్ చూపించాను. మొదటి మాట అబ్లార్, అంటే మాట్లాడటం. దాని ముందు ఒక అక్షరం రాస్తారు కానీ పలకరు.

"గట్లనా! నీ లెక్కనే. ఉంటది గని నోరు తెరువది" అని సూదులు రాలకుండా నవ్వింది.

ఆ మాట చివరి ముక్క తీసేసి, మాట్లాడేది ఎవరో చూసి వేరే ముక్క అతికించాలని చెప్పాను. నేనైతే అబ్లో, నువ్వైతే అబ్లాస్, ఆమె అయితే అబ్లా, మనమైతే అబ్లామోస్.

"గిదేం కష్టమే? తోక కత్తిరియ్యి, అంచు కుట్టు. ఒక్క కటింగ్ వస్తె అన్ని జాకెట్లు వచ్చినట్టే."

"ఆ కటింగ్‌కు లొంగని మాటలు కూడా ఉన్నాయి అవ్వా."

"ఉంటయ్. కోడిగుడ్ల దాని నడుము ఏ కటింగ్‌కు లొంగుతది? గవి తర్వాత చూసుకుందాం."

అప్పటి నుంచి స్కూలు వదలగానే అరగంట అక్కడే. కాలాల దగ్గర నేను తికమక పడుతుంటే అవ్వ ఒక దారి కనిపెట్టింది. కుట్టేసిన జాకెట్లు దండెం మీద వేలాడేవి. కుడుతున్నది సూది కింద ఉండేది. ఇంకా కత్తెర పడని గుడ్డలు గోడకున్న సంచిలో ఉండేవి. అవ్వ కత్తెరతో చూపిస్తూ "దండెం మీద!" అంటే జరిగిపోయిన కాలం చెప్పాలి. అబ్లే, అబ్లాస్తే, చివర ఒత్తి పలికే అబ్లో. "సూది కింద!" అంటే ఇప్పటిది. "సంచిల!" అంటే రాబోయేది. అబ్లారే, అబ్లారాస్, అబ్లారా. స్పానిష్ ఒక్క ముక్క రాకపోయినా, నేను తప్పు చెబితే మిషన్ తొక్కడం ఆపేది. తాళం తప్పిందని చెవికి తెలిసిపోయేదట. నేను మొహం మాడ్చుకుంటే, "తప్పు కుట్టు పడితెనే గద, విప్పుడు నేర్చేది" అనేది.

అన్నిటికంటే పెద్ద గోల ఆగస్టులో జరిగింది. ఆ రోజు నేను పరదా వెనక కాస్త గట్టిగానే చెబుతున్నాను. జాకెట్ కోసం కోడిగుడ్ల పెద్దమ్మ వచ్చింది. వాళ్ల ప్రార్థన కూడికల్లో కొందరికి ఆత్మ దిగినప్పుడు తెలియని భాషల్లో మాట్లాడతారు, వాటిని అన్యభాషలు అంటారు. పరదా వెనక నుంచి వస్తున్న మాటలు విని పెద్దమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "స్తోత్రం! గీ పిల్లకు అన్యభాషలు వచ్చినయ్! ఆమెన్!"

అవ్వ నోటి నిండా సూదులు. కాదని చెప్పడానికి ఒక్కొక్కటే తీసి మిషన్ మీద పెట్టేసరికి పెద్దమ్మ వీధి చివరికి చేరింది. తర్వాత అవ్వ ఎన్నిసార్లు కాదన్నా, "నువ్వు దాస్తున్నవ్ అక్కా" అనేదట.

మర్నాటికల్లా అమ్మ దుకాణానికి వచ్చింది.

"అవ్వా, మా పిల్ల ఏందో భాషలు మాట్లాడుతున్నదట. నిజమేనా?"

"బిడ్డ గీడనే ఉన్నది. గామెకు నోరున్నది. గామెనే అడుగు."

"ఇంగ్లిష్ పద్యం మమ్మీ" అన్నాను.

అమ్మ నమ్మి వెళ్లిపోయింది. అవ్వ పల్లిపట్టీ విరిచి పెద్ద ముక్క ఇచ్చింది. కాసేపయ్యాక సంచిలోంచి ఎవరిదో పాత పట్టుచీర తీసి చూపించింది. మిగతా చీరంతా బాగుంది, మడతల దగ్గర మాత్రం చీలింది. "దాచి పెట్టిన గుడ్డ మడత కాడనే చినుగుతది బిడ్డా" అంది.

కోర్సు చివర్లో ఫోన్‌లో వీడియో కాల్ మీద మాట్లాడే పరీక్ష ఉంటుంది. నాది ఈ శనివారం మూడింటికి పడింది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చోవాలి. "నేను కూసుంట తియ్యి. గని అంతకు ముందు మీ నాయినకు నువ్వే చెప్పాలె" అంది అవ్వ. సరేనన్నాను. రేపు, రేపు అంటూ మంగళవారం వచ్చేసింది.

గురువారం సాయంత్రం దుకాణం ముందు షామియానా వేసి ప్రార్థన పెట్టారు. అమ్మానాన్నలతో నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. పాస్టరయ్య, "అమ్మ గురించి ఎవరన్న రెండు మాటలు చెప్తరా?" అని అడిగాడు. కోడిగుడ్ల పెద్దమ్మ మైకు అందుకుంది.

"మా అక్క దుకాణంల ఆత్మ దిగింది! నా చెవులతోని ఇన్న. గో, గా పిల్లకే అన్యభాషలు వచ్చినయ్!"

అందరూ నా వైపు తిరిగారు. నాన్న కూడా. తలూపి ఊరుకుంటే నా రహస్యం భద్రంగా ఉండేది. కానీ అబద్ధమాడని మనిషి ప్రార్థనలో, ఆమె దుకాణం గురించే జరగని మాట మిగిలిపోయేది. లేచి నిలబడ్డాను. ఎవరో మైకు చేతికిచ్చారు.

"అది ఆత్మ కాదు పెద్దమ్మా. స్పానిష్. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేర్చుకుంటున్నా. అవ్వనే నాతో చదివించింది."

"మిషినవ్వకు స్పానిష్ వచ్చునా?" అని ముందు వరుసలో ఎవరో నవ్వారు. దండెం, సూది, సంచి సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ మూడు కాలాలూ అప్పజెప్పాను. మధ్యలో ఒకటి తప్పింది. ఆగి, విప్పి, మళ్లీ చెప్పాను.

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏదైతేంది! నేను ఆమెన్ అన్నదన్నదే, వాపసు తీసుకోను" అంది. భూపాలపల్లి నుంచి వచ్చిన అవ్వ కూతురు ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఆమె వెనకే అందరూ.

తిరిగి వచ్చేటప్పుడు నాన్న బండి స్టార్ట్ చేయలేదు. తోసుకుంటూ నడిచాడు. పక్కన నేను, వెనక అమ్మ.

"ఎన్ని దినాలసంది?"

"ఎండాకాలం సెలవులసంది డాడీ."

"మీ మమ్మీకి ఎరుకేనా?"

"నాకు ఇంగ్లిష్ పద్యమని చెప్పింది" అంది అమ్మ వెనక నుంచి.

శనివారం పరీక్ష సంగతి, పక్కన కూర్చోవాల్సిన అవ్వ సంగతి నేనే చెప్పాను.

"శనివారం మూడింటికి దుకాణం బందు పెడత" అన్నాడు. కొంచెం ఆగి, "మైకుల సరిగ్గ ఇనవడలే. మళ్ల చెప్పు. జర గట్టిగ" అన్నాడు.

మొదటి నుంచి అందుకున్నాను. ఇళ్ల ముందు కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఎందుకో గొంతు తగ్గించాలనిపించలేదు. మూడో కాలానికి వచ్చి వెనక్కి చూస్తే అమ్మ లేదు. మా గేటు దగ్గరే ఆగిపోయి, తాళంచెవి పట్టుకుని మా వైపు చూస్తోంది. ఇల్లు దాటి వచ్చేశామని నాన్నకు తెలియలేదు. తల కొంచెం నా వైపు వంచి, బండి తోసుకుంటూ పోతూనే ఉన్నాడు.