ఆటకు డ్యూటీ వేయొద్దన్న పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు క్లినిక్‌లో ఉండగా అందింది. రక్తపరీక్షకు వచ్చినవాళ్లు బయట కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. టీ తాగడానికి దొరికిన కాస్త ఖాళీలో ఫోన్ తీస్తే పెదనాన్న పంపిన వాయిస్ మెసేజ్ కనిపించింది. "తెల్లారి నమాజుకు లేపబోతే లేయలేదమ్మా మీ పెద్దమ్మ. నిద్రలోనే పోయింది. పాపకు నిదానంగా సెప్పు," అన్నాడాయన. అంతే. నా డ్యూటీ అయిపోయి బస్సు ఎక్కేసరికి అక్కడ కడప దగ్గర వాళ్ల ఊళ్లో మట్టి చేసి ఇంటికి కూడా వచ్చేశారట.

ఆమెకూ నాకూ రక్తసంబంధం ఏమీ లేదు. సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియా పేటలో మా ఎదురు ఫ్లాటు ఆమెది. పెదనాన్న బడి బస్సు నడిపేవాడు. నేను జగిత్యాల వైపు నుంచి ల్యాబ్ టెక్నీషియన్ పనికి వచ్చాను. వచ్చిన కొత్తలో ఉప్పు కోసం తలుపు కొట్టి, ఉర్దూలో మొదలుపెట్టాను. "తెలుగులో అడుగుమే. ఉప్పుకు ఉర్దూ ఎందుకు?" అంది. పిన్నీ అన్నట్టు ఖాలా అనబోతే, "పెద్దమ్మా అను. ఇంట్లో ఉన్నట్టుంటాది," అంది. ఆ రోజు నుంచి పెద్దమ్మే.

మా ఆయనకు జుబైల్‌లో పని. గురువారం వచ్చి శనివారం పోతాడు. ఐదేళ్ల పాపను ఊరి నుంచి తెచ్చుకున్నాక, బడి నుంచి వచ్చి నేను వచ్చేదాకా అది పెద్దమ్మ దగ్గరే ఉండేది. సాయంత్రం లిఫ్టు దిగగానే వాళ్లింట్లోంచి నా బిడ్డ నవ్వు వినిపించేది. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు అది. తలుపు కొట్టేదాన్ని. నవ్వు ఆగిపోయేది. తలుపు తెరిచేసరికి పాప బ్యాగు తగిలించుకుని, "హోంవర్క్ అయిపోయిందమ్మా," అంటూ నిలబడి ఉండేది.

భయంతో కాదు. నేను ఎన్నడూ దాని మీద చెయ్యి ఎత్తలేదు. అమ్మ వచ్చిందంటే ఆట అయిపోయినట్టే అని ఆ పిల్లకు అర్థమైపోయింది. నా బిడ్డ నవ్వును నేను ఎప్పుడూ తలుపు అవతలి నుంచే వింటున్నాను. ఆ ఒక్క సంగతి నన్ను లోపల తొలిచేది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. మా అమ్మ బీడీలు చుట్టేది. వాడలో ఆడపిల్లలందరూ బడి వయసు నుంచే తునికాకు కత్తిరించేవాళ్లు, పని అయ్యాక సందులో గంతులేసేవాళ్లు. అమ్మ నన్ను ఆకు ముట్టనిచ్చేది కాదు. "నా చేతి ఏళ్లు గిట్లయినయి. నువ్వు చదువుకో బిడ్డా," అనేది. ఆమె ఒళ్లో చేట, నా ఒళ్లో పుస్తకం. సందులోంచి కేకలు వినిపించినా నేను తల ఎత్తేదాన్ని కాదు. ఆమె వేళ్లు ఆగకుండా కదులుతుంటే నేను ఆడుకోవడం దొంగతనంలా అనిపించేది. చదువు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఆట మాత్రం రాలేదు.

పెద్దమ్మకు రాని ఆట లేదు. అరవై దగ్గరపడిన మనిషి, మోకాళ్ల నొప్పులు, బీపీ మాత్రలు. అయినా దాగుడుమూతలంటే ముందుండేది. దాక్కునే ముందు గాజులు చప్పుడు చేస్తాయని తీసి ఫ్రిజ్ మీద పెట్టేది. ఫ్రిజ్ మీద గాజులు కనిపిస్తే ఆట నడుస్తోందని పెదనాన్నకు తెలుసు. ఆయన కిక్కురుమనకుండా వెళ్లి తన టీ తానే పెట్టుకునేవాడు. ఆమె తలుపు వెనక కొక్కేలకు వేలాడే బురఖాల్లాంటి అబాయాల మధ్య దూరి, తానూ ఒక నల్ల అబాయాలా నిలబడేది. పాప మూడుసార్లు ముందు నుంచే పోయి కూడా కనిపెట్టలేకపోయేది. చివరికి ఆమే నవ్వు ఆపుకోలేక బయటపడేది.

మధ్యాహ్నాలు పులిజూదం. టైల్స్ మీద సుద్దముక్కతో గీతలు గీసేది. ఖర్జూరం గింజలు మేకలు, సీసా మూతలు పులులు. పాప అటు చూడగానే ఒక మేకను కొంగు కింద దాచేది. అమ్మమ్మ అన్నట్టు పాప ఆమెను నానీ అనేది. "నానీ, దొంగ! నానీ దొంగ!" అని పాప అరిస్తే, "పులి దొంగతనం సెయ్యక పూజ సేస్తాదా?" అని దబాయించేది.

ఒకరోజు నేనూ పాపతో ఆడాలని పట్టుదలగా మొదలుపెట్టాను. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే కదా. తెల్లకాగితం మీద గళ్లు గీసి, స్నానం, హోంవర్క్, భోజనం పక్కన "ఆట, ఐదున్నర నుంచి ఆరు" అని రాసి ఫ్రిజ్‌కు అంటించాను. లెక్కలు నేర్పే బొమ్మల పెట్టె కూడా కొన్నాను. పెరుగు తోడుకు వచ్చిన పెద్దమ్మ ఆ కాగితం ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఏందిమే ఇది?"

"పాపతోని ఆడుకుందామని, పెద్దమ్మా. టైం పెట్టుకున్న."

"ఆటకు కూడా డ్యూటీ వేసినావా! వేసినావులే, ఓవర్‌టైం ఇస్తావా పిల్లకు? శుక్రవారం సెలవేనా?"

పాప మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఏడుపు వచ్చింది. "నాకు రాదు పెద్దమ్మా. అందరికీ అస్తది, నాకే ఆడుకునుడు రాదు. నేను గింజ ముడితే ఎన్ని ఉన్నయో లెక్కపెట్టు అంటున్న. బొమ్మ పట్టుకుంటే స్పెల్లింగ్ అడుగుతున్న. అది లేచి పోతున్నది."

ఆమె నవ్వడం ఆపేసింది. పాపను టీవీ ముందు కూర్చోబెట్టి నా పక్కన నేల మీద చతికిలబడింది. పదహారేళ్లు నిండకముందే పెళ్లయి, పిల్లలు, పొయ్యి, అత్తగారితో తన ఆట కూడా అప్పుడే ఆగిపోయిందట. నలభై దాటాక పెదనాన్న ఇక్కడికి పిలిపించుకున్నాడు. ఆయన తెల్లవారకముందే బస్సు తీసుకుపోయేవాడు. అప్పట్లో ఒంటరిగా గడప దాటడానికి లేదు, మాట్లాడేందుకు మనిషి లేదు. ఒకరోజు ఖర్జూరాలు తిని గింజలు పారేయబోతూ ఆగి, నేల మీద గీతలు గీసుకుందట.

"పులీ నేనే, మేకా నేనే. ఎవురు గెలిసినా నేనే గదా. మొదట్లో ఏడుస్తా ఆడినా, మే. పదిరోజులకు ఒక్కదాన్నే కూసోని నవ్వుకుంటాండా. మీ పెదనాన్న నాకు పిచ్చి పట్టిందనుకున్యాడు." నా మోకాలి మీద తట్టి అంది, "చిన్నప్పుడు ఆడనోళ్లకు ఆట రాదనుకోవద్దు. మిగిలిపోయి ఉంటాది, అంతే. వాడని గుడ్డ మాదిరి. దులిపి కట్టుకోవాల."

అయినా నేను వెంటనే మారిపోలేదు. కాగితం చించేశాను కానీ, పాప పక్కన కూర్చుంటే నా చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లో పడి ఉండేవి. అంతలో పెదనాన్నకు ఇకామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, ఇక పొడిగించేది లేదని కంపెనీ చెప్పేసింది. ఫైనల్ ఎగ్జిట్. ఆ చలికాలంలోనే ఇద్దరూ ఊరికి వెళ్లిపోవాలి. పెద్దమ్మ ఏడవలేదు. నన్ను చూసి ఒకే మాట అడిగింది: "నేను పోతే ఈ పిల్ల ఎవురితో నవ్వుతాది?"

సామాను సర్దే రోజు గురించి మీకు చెప్పాలి. ఇక్కడి నుంచి ఊరికి పోయేవాళ్ల ఇంట్లో పెద్ద పెద్ద అట్టపెట్టెలు తెచ్చి, సర్ది, తాడుతో బిగించి, మీద మార్కర్‌తో పేరు రాస్తారు. నేను సాయం చేద్దామని యూనిఫాంలోనే వెళ్లాను. వంటగదిలో పాప గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని అంకెలు చెబుతోంది. పడకగదిలో పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఖాళీ పెట్టె వైపు లాగింది.

"దూరు."

"నేనా?"

"నువ్వు గాకుంటే మీ పెదనాన్న దూరాల్నా? ఆయప్ప పొట్టకు ఈ డబ్బా సాలదు. దూరుమే, పిల్ల వస్తాండాది!"

దూరాను. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మీద దుప్పటి కప్పేసింది. లోపల నాఫ్తలీన్ ఉండలు, అత్తరు కలిసిన వాసన. పాప అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"నానీ, నువ్వు దాక్కోలేదా? మరి ఎవరు దాక్కున్నరు?"

"మీ అమ్మ."

"అమ్మనా?" అంది పాప. ఆ గొంతులో నమ్మకం లేదు. "అమ్మ దాక్కోదు కదా నానీ."

"దాక్కోవడం యాడిది! పార్సిల్ కట్టేసినా కడపకు. ఊరికి పోయి విప్పుకుంటా."

దుప్పటి కింద నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామని ముంజేయి కొరుక్కున్నాను. ఆగలేదు. పెట్టె మొత్తం ఊగింది. దుప్పటి పక్కకు జరిగి పాప ముఖం కనిపించింది. అది వెతికింది ఇంకెవరినో. దొరికింది అమ్మ. ఆ ఆశ్చర్యంలో నోరు తెరిచి అలాగే చూసింది. తర్వాత నవ్వింది. నేను ఎప్పుడూ తలుపు అవతల విన్న నవ్వు, మొదటిసారి నా ముఖం మీదే పడింది. నేను లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి పెట్టెతో సహా పక్కకు ఒరిగాను. అట్ట చిరిగిపోయింది.

"కొత్త డబ్బా గదే అది!" అంటూ పెదనాన్న తాడు పట్టుకుని వచ్చాడు.

"పోనీలే," అంది పెద్దమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఒక డబ్బా తక్కువ తీసకపోదాం. ఏం మునిగిపాయ?"

వాళ్లు వెళ్లాక పెద్దమ్మ వారానికోసారి వీడియో కాల్ చేసేది. పాప చదువెలా ఉంది అని ఒక్కసారి కూడా అడగలేదు. "ఈ వారం ఏం ఆడినారు?" అనే అడిగేది. మొదట్లో ఆమెకు జవాబు చెప్పడం కోసమే ఆడేదాన్ని. కుంటుడు బిళ్ల, దాగుడుమూతలు, చీపురుపుల్లల విల్లు, దిండ్ల కోట. నేను గెలిచానని ఒకసారి గర్వంగా చెబితే మొట్టికాయ వేసినట్టు అంది: "గెలవాలని కూసుంటే అది ఆట గాదు, మే. ఉద్యోగం. అది నీకు ఉండనే ఉండాదిగదా." ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ, తర్వాత తర్వాత ఆమె ఫోన్ చేయని వారాల్లో కూడా ఆడుతున్నాం.

ఇప్పుడు ఆ ఫోన్ రాదు. కబురు వచ్చిన ఆ సాయంత్రం పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను. అది ఏడవలేదు. "నానీ అక్కడ ఎవరితో ఆడుతది?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. ఆ తర్వాత మూడు రోజులు పిల్ల ఆడలేదు. పిలిస్తే వచ్చేది, తినేది, పుస్తకం తీసేది. "హోంవర్క్ అయిపోయిందమ్మా," అంది. ఆ మాట విన్నాక, పెద్దమ్మ ఇంత కష్టపడి ఇచ్చింది ఆమెతోనే పోతోందా అనిపించింది.

శుక్రవారం వాన పడింది. ఇక్కడ వాన అంటే ఏడాదికి నాలుగైదుసార్లు. నీళ్లు పోయే దారి సరిగా ఉండదు కనుక గంటలో వీధి చెరువైపోతుంది. పాప కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కిందికి చూస్తోంది. నేనే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"పోదామా? ఎగురుదామా నీళ్లల్ల?"

"నిజంగనా?"

"జ్వరమస్తది, పోకుర్రి," అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

"వస్తే మందేసుకుంటం," అన్నాను.

చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేశాం. అబాయా అంచు ఎత్తి నడుముకు దోపుకున్నాను. చీలమండలు మునిగేంత నీళ్లు, పెట్రోలు మరకలు, తేలుతున్న ఒక చెప్పు. మొదటి గెంతు పాపే వేసి, తల తిప్పి నా వైపు చూసింది. నేను రెండు కాళ్లూ ఎత్తి దూకాను. నీళ్లు దాని నెత్తిదాకా ఎగిరాయి. అది కేక పెట్టింది. మంగలి షాపు మెట్టు మీద నిలబడ్డ పాకిస్తానీ భాయ్, ఏమైనా పడిపోయిందా అన్నట్టు కంగారుగా చూశాడు.

"భాభీ, కుఛ్ గిర్ గయా క్యా?"

"నహీ భాయ్. ఖేల్ రహే హై." ఆడుకుంటున్నామని చెప్పాను.

ఆయన ఒక క్షణం అర్థం కానట్టు చూసి, నవ్వుతూ కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని కూర్చున్నాడు. వాన వెలిసింది. రోడ్డు మధ్య ఖర్జూరం చెట్ల వరుస నీళ్లలో తలకిందులుగా నిలబడి ఉంది. మేం దూకితే ఆ చెట్లన్నీ ముక్కలు ముక్కలై చెదిరిపోతున్నాయి. కాసేపు వణికి, మట్టలు మట్టలుగా మళ్లీ ఒకటవుతున్నాయి. అవి కుదురుకునే లోపే, నా బిడ్డా నేనూ చేతులు పట్టుకుని మళ్లీ దూకుతున్నాం.