'రాను' అనే బటన్

మా లైబ్రరీ అటెండరును అందరం రిజిస్టరక్క అంటాం. ఆవిడ చంకలో ఎప్పుడూ ఒక పొడుగాటి రిజిస్టరు ఉంటుంది. చూపులేని విద్యార్థులు జవాబులు చెబుతుంటే పరీక్షలో రాసిపెట్టేవాళ్లు కావాలి కదా, అలాంటివాళ్లను పన్నెండేళ్లుగా వెతికిపెడుతున్నది ఆవిడే. ఎవరూ అప్పగించిన పని కాదు. టేబుళ్లు తుడిచి, పుస్తకాలు సర్ది, భోజనాల వేళ మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంది. ఆవిడ అడిగితే కాదనే మొనగాడు ఇంకా పుట్టలేదు.

అక్కడే వచ్చింది చిక్కు. కిందటేడు ఒక అమ్మాయి పరీక్ష గదిలో మూడు గంటలూ తెల్లకాగితాల ముందు కూర్చుంది. వస్తానన్నవాడు రాలేదు. ఏడాది పోయింది. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పిస్తామన్నారట ఇంట్లో.

అందుకే ఈ ఏడు ఫోన్లు మానేసి, ఆన్‌లైన్‌లో పేర్లిచ్చుకునే ఏర్పాటేదైనా చూడమని నన్నడిగింది. కంప్యూటర్లలో నన్ను మించినవాడు లేడని మా లైబ్రరీలో ఒక నమ్మకం. దాన్ని నేనెప్పుడూ ఖండించలేదు. మూడు రకాలు చూపించాను. మొదటిది వచ్చినవాళ్లకు నక్షత్రాలిస్తుంది. రెండోది గంటగంటకూ గుర్తుచేస్తూ ప్రాణం తీస్తుంది, నాకదే నచ్చింది. మూడోది వట్టి బోడి పట్టిక.

ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న, పేరిచ్చాక రాలేకపోతే ఎలాగని. మొదటిదాంట్లో నక్షత్రాలు పోతాయి. రెండోదాంట్లో కారణం రాసి పంపాలి. మూడోదాంట్లో 'రాను' అనే బటన్ ఉంది. నొక్కితే పేరు పోయి, వరుసలో తర్వాతివాళ్లకు కబురు వెళుతుంది.

"ఇదే పెట్టండి సార్," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత తేలికైతే అందరూ జారుకుంటారని వాదించాను.

"జారుకోనివ్వండి సార్. మొహం మీద కాదనలేకే కదా వస్తామంటారు. నేనడిగే తీరే అలాంటిది. ముందే తెలిస్తే ఇంకొకర్ని పంపిస్తాం."

కిందటేడు రానివాణ్ని నేనే మరి. ఆ రోజు మా బావతో ఊరెళ్లే పనుందని తెలిసీ మొహమాటానికి తలూపాను. చెబుదాం చెబుదాం అనుకుంటూ చివరికి ఫోన్ స్విచాఫ్ చేసుకున్నాను. ఆవిడ ఏడాదిగా ఒక్క మాట అనలేదు, రోజూ నా టేబుల్ తుడుస్తూనే ఉంది. మరిచిపోయిందని సుఖపడ్డాను. నాలాంటివాళ్లు ఎందుకు మాట తప్పుతారా అని ఆవిడ ఇన్నాళ్లూ ఆలోచించిందని అప్పుడు తెలిసింది. ఇంత చదువుకున్న నాకు రాని ఆలోచన అది. సిగ్గేసింది, ఆవిడంటే గౌరవం పెరిగింది.

ఆ అమ్మాయి పరీక్షకు పట్టుబట్టి నా పేరే ఇచ్చుకున్నాను. సరిగ్గా ముందురోజు పొద్దున జ్వరం. కలం పట్టే ఓపిక లేదు. ఈసారి కూడా రానంటే ఏమనుకుంటుందోనని గంటసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆఖరికి 'రాను' నొక్కాను. పది నిమిషాల్లో నా పేరున్న చోట పోస్టాఫీసు గుమాస్తా పేరు కనిపించింది.

నాలుగు రోజుల తర్వాత లైబ్రరీకి వెళ్లేసరికి ఆవిడ నా టేబుల్ తుడుస్తోంది. పరీక్ష సంగతి అడగబోతూ సంచి కింద పెట్టాను.

"అన్నీ రాయించింది సార్ ఆ అమ్మాయి," అంది గుడ్డ దులుపుతూ. "మీరు రానని చెప్పబట్టే."