కోటలో మిరపకాయలు

జగ్గయ్యపేట దగ్గర ఒక గుట్ట మీద పాత కోట ఉందని విని, విశాఖపట్నం నుంచి పనిగట్టుకుని వెళ్ళాను. రెడ్డిరాజుల కాలం నాటిదంటారు. మిగిలినవి మూడే: సగం ద్వారం, ఒక బురుజు, బండలు పరిచిన కొలువుకూటం నేల. ఆ నేల నిండా మిరపకాయలు ఎండుతున్నాయి.

కాయలకు కావలి ఉన్న మరియమ్మగారు, "చెప్పులు విప్పి రా బాబూ," అన్నారు. రాజుగారి మీద గౌరవమనుకుని విప్పాను. కాదు, కాయల మీద. పంట ఎండే కళ్ళంలోకి అక్కడ ఎవరూ చెప్పులతో రారట.

అంతలో పడమట మబ్బు పట్టి గాలి లేచింది. తడిస్తే కాయ నల్లబడి, వాళ్ళ ఏడాది కష్టం పోతుంది. ఇద్దరం కాయల్ని కుప్ప చేసి టార్పాలిన్ కప్పాం. ఉన్న మూడు ఇసుక బస్తాలూ మూడు మూలల మీద పెట్టాం. నాలుగో మూల గాలికి లేస్తోంది.

"ఆ బురుజు రాయొకటి తెచ్చి పెట్టు బాబూ."

"అది చారిత్రక కట్టడమండి. రాళ్ళు కదపకూడదు."

"కోట కట్టింది ఊరిని కాపాడ్డానికే గదా. మా కాయల్ని కాపాడితే ఏం పోయింది?"

"అయినా రూలు రూలేనండి."

ఆమె నన్ను ఎగాదిగా చూశారు. "బరువెంతుంటావు?"

"అరవై ఎనిమిది కిలోలండి."

"చాల్లే. ఆ మూల మీద కూర్చో. వాన వెలిసేదాకా నువ్వూ కదలకూడదు."

గంటసేపు కురిసింది. నేను నిండా తడిశాను. కాయ ఒక్కటీ తడవలేదు.