జాజుతో రాసిన బుద్ధిమాటలు

కళ్లకు పొరలు కమ్మిన ఏడాది మా తాతకు ఒక పట్టుదల పుట్టింది. చూపు పూర్తిగా పోకముందే మనవలకు బుద్ధిమాటలు రాసిపెట్టాలట. మాది కోరుట్ల దగ్గరి పల్లె. మనవలం కొందరం అక్కడే, కొందరు జగిత్యాలలో, కొందరు సిరిసిల్లలో. తలా ఒక మాటైనా రావాలి కదా అని ఆయన లెక్క.

కాగితం మీద రాస్తే సరిపోయేది కదా అంటారు. అడవిలోని అన్నల కోసం పోలీసులు ఇళ్లు సోదా చేసే ఆ రోజుల్లో ఇంట్లో చేతిరాత దొరికితే స్టేషనుకు పోయి దాని అర్థం చెప్పి రావాలి. మా నాయనమ్మ భయానికి పాత పెళ్లిపత్రికలు కూడా పొయ్యిలో పెట్టింది. "గోడనైతే కాలవెట్టలేరు గదనే" అని తాత వీధివైపు గోడను ఎంచుకున్నాడు. రంగు కొనడం దండగని, గడపలకు పూయగా మిగిలిన జాజు, అదే ఎర్రమన్ను, కలిపాడు. మా ఊళ్లో గోడల మీద ఎర్రగా రాసేది ఎవరో ఆయనకు తెలియక కాదు. తాతకు దొరతనం పోయినా ఎవరినీ లెక్కచేయని గుణం మాత్రం పోలేదు.

నేను గిన్నె పట్టుకుంటే, ఎడమచేత్తో గోడ తడుముకుంటూ రాశాడు. మొదటిది: "పనోడు తిన్నంకనే నువ్వు తిను." తాత జన్మలో ఎన్నడూ చేయని పని అది. నేను నవ్వితే, "నేను జేసినయే రాస్తే మీకేం లాభం?" అన్నాడు. రెండోది: "పెద్దలు చెప్తే ఇనుర్రి."

తెల్లారేసరికి ఆ వీధిలో మనుషులు నడవడం మానేశారు. గోడవైపు చూస్తే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని వెనక సందులోంచి తిరిగిపోయారు.

ఆ సాయంత్రం అడవిలోంచి అన్నలు వచ్చారు. తుపాకులు మంచానికి ఆనించి కూర్చుని, రెండోమాట దొరల భావజాలమని తేల్చారు. "గింత చిన్నోల్లు మీరు చెప్తే నేను ఇంటలేనా?" అన్నాడు తాత. చాయ్ తాగుతూ తమలో తామే వాదించుకుని, చివరికి ఒక సవరణ ఇచ్చారు: "తప్పయితే పెద్దలు చెప్పినా ఇనొద్దు." తాతకు అది తెగ నచ్చింది. దాన్ని కూడా రాసి, రెండూ ఉంచాడు.

ఆ వారంలోనే నేను కోరుట్లలో బడికి పోయినప్పుడు, కిటికీ పక్కన ఇంకో మాట ఒక్కడే రాసుకుని, నాయనమ్మతో కలిసి కొండగట్టు గుడికి బయల్దేరాడు. అదే పగలు పోలీసు జీపు వచ్చింది.

సవరణ చదివిన ఎస్సై, ఎవడు రాశాడని మా బాపును నిలదీశాడు.

"మా నాయిన సార్. మనుమలకు."

"ఎంతమంది? ఎక్కడెక్కడ ఉంటారు?"

బాపు వేళ్లు మడుస్తూ చెప్తుంటే ఎస్సై అందరినీ రాసుకున్నాడు. అందులో ఇంకా పాలు మానని మా తమ్ముడు కూడా ఉన్నాడు. తర్వాత సున్నం తెప్పించి, దగ్గరుండి గోడంతా బాపుతోనే కొట్టించాడు. కిటికీ పక్కన ఏముందో బాపు చదవలేదట. ఎస్సై నెత్తిమీద నిలబడితే ఏం చదువుతాడు?

తాతకు చెప్పొద్దని బాపు మా అందరితో ఒట్టు పెట్టించాడు. తాత కొండగట్టు గుడిలో మొక్కు నిద్రలు చేసి వచ్చేసరికి సున్నం ఆరిపోయింది. రాగానే నన్ను గోడ దగ్గరికి తీసుకుపోయి, కిటికీ పక్కన కర్ర ఆనించాడు.

"గిది సదువు బిడ్డా. నీ కోసమే రాసిన."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా కోసం రాసిన ఒక్క మాట, నేను చూడకముందే పోయింది. తెల్లగోడను చూస్తూ, కూడబలుక్కుంటున్నట్టు ఆగి ఆగి చదివాను: "భయమైతే భయమైతుందని చెప్పు. ఒక్కదానివే దాసుకోకు."

తాత గోడను అరచేత్తో తడిమాడు. అంటిన సున్నాన్ని పంచెకు తుడుచుకున్నాడు.

"నేను రాసింది గింత మంచిగ లేకుండె బిడ్డా," అన్నాడు. "గిదే ఉండనీ."

అసలు ఏం రాశాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పకుండానే పోయాడు. ఆ గోడ మీద చదివిన మాటనే నా బిడ్డకు రాసిచ్చాను. కింద తాత పేరే పెట్టాను.