పూజలో పెట్టిన పెన్‌డ్రైవ్

తిరుపతిలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా అది నా ఆఖరి సంవత్సరం. మహానవమి నాడు నన్ను ఉన్నపళంగా నగరికి పంపారు. అక్కడి మరమగ్గాల సంఘం చీరల డిజైన్లన్నీ మా సర్వర్‌లో ఉండేవి. ఆ పొద్దున చూస్తే లేవు.

డిస్కు నిండిపోతోందని మా ఆఫీసులో పనిచేసే హరి ఒక కోడ్ రాశాడు. మూడు రోజులుగా ఎవరూ తెరవని డేటాబేస్‌ను పాతదిగా లెక్కగట్టి, దాని ఫైళ్లనూ బ్యాకప్ ఫైళ్లనూ కలిపి తుడిచేస్తుంది. కోడ్ తుడిచింది చెత్తబుట్టలోకి వెళ్లదు, పోతే పోయినట్టే. మేనేజరు చూసి భేష్ అన్నాడు. ఆయుధపూజకు నాలుగు రోజుల ముందే మగ్గాలు ఆపి, దులిపి, నూనె పెట్టడం నగరిలో ఆనవాయితీ అని ఇద్దరికీ తెలియదు. డిజైన్లు గీసే కంప్యూటరుకూ బొట్టు పెట్టి గుడ్డ కప్పేశారు. కోడ్ తన పని తాను చేసుకుపోయింది.

సంఘం డిజైన్ మాస్టరు మునిరత్నం గారు. ఆ అంచులూ పల్లూలూ ఆయన జీవితమంతా గీసినవి. సంగతి గబగబా చెప్పేశాను. ఆయన మాత్రం తాపీగా విన్నారు.

"పోనీలేమ్మా. ఒక కాపీ ఉండాది."

"యాడుందప్పా?" అన్నాను, కంగారులో నాకూ మా ఊరి మాటే వచ్చేసింది.

"ఆడ సూడు, అమ్మవారి పాదాలకాడ."

మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెల పక్కన, నిమ్మకాయల మధ్య ఒక పెన్‌డ్రైవ్, ఒళ్లంతా చందనం, కుంకుమ. పనిముట్టే కదా అని ఏటా డిజైన్లన్నీ అందులోకి ఎక్కించి పూజలో పెడతారట. చెయ్యి చాపాను. ఆయన అడ్డం వచ్చారు.

"ఉద్వాసన సెప్పకుండా ముట్టరాదమ్మా. రేపు పొద్దున తీసుకుందువు. ఈ పూటకు వడ, పాయసం తినేసి పో."

ఒళ్లు మండింది. సర్వర్ అక్కడ బోసిపోయి ఉంటే ఈయనకు పాయసం గొడవ! తిన్నాను, బాగుంది కూడా.

మర్నాడు దశమి. ఉద్వాసన అయ్యాక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టారు. దాని మూతిలో చందనం గడ్డకట్టింది. దూది చుట్టిన పుల్లతో మెల్లగా గీకి కంప్యూటరుకు గుచ్చాను. మొదటిసారి ఏమీ రాలేదు. తీసి, మళ్లీ తుడిచి గుచ్చితే డిజైన్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. హమ్మయ్య అనుకుని తిరిగి చూస్తే, అంత తాపీ మనిషీ నేలమీద కూలబడి ఉన్నారు.

"రాత్రంతా నిద్ర పట్టలేదమ్మా," అన్నారు.

ఆ తర్వాత మా ఆఫీసులో కోడ్ దేన్నీ తనంతట తాను తుడవలేదు. ఏవి తుడవబోతోందో ముందు చెప్పేది, ఆ డేటా యజమాని సరేనన్నాకే తుడిచేది. ఒక కాపీ మా సర్వర్‌కు అందని చోట ఉంచేవాళ్లం. ఎవరూ ముట్టలేదన్నంతవరకే కోడ్‌కు తెలుస్తుంది. ఎందుకు ముట్టలేదో ఫోన్ చేసి అడగవలసింది మనమే.